వీపు మీద మొటిమలు, తొడల మీద సెగగడ్డలు: తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎందుకొస్తున్నాయి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇరవై ఏడేళ్ళ వయసు. రెండేళ్ళుగా వీపు మీదా భుజాల మీదా మొటిమలు. నెలకో, రెండు నెలలకో ఒకసారి తొడ మీదో పిరుదు మీదో సలుపుతూ ఒక సెగగడ్డ. యాంటీసెప్టిక్ సబ్బుతో రోజుకు మూడుసార్లు రుద్ది రుద్ది కడుగుతున్నారు. ఇప్పటికి మూడు విడతలు యాంటీబయాటిక్ బిళ్ళలు మింగారు. మింగినన్నాళ్ళూ బాగుంటుంది, ఆపిన నెలకు మళ్ళీ మొదలు. ఈమధ్య మీ తమ్ముడికీ వస్తున్నాయి. ఇంట్లోనే ఉండి దీన్ని వదిలించుకునే దారి ఉందా అని అడిగారు.

ఉంది, చాలామటుకు ఉంది. కాకపోతే మీరిన్నాళ్ళూ చేసిందంతా గడ్డ లేచాక దాన్ని అణచడానికి. మళ్ళీ మళ్ళీ వచ్చే గడ్డలకు అసలు వైద్యం గడ్డ లేని రోజుల్లో చేయాలి. క్లుప్తంగా ఇదీ జవాబు: మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్, కనీసం మూడు నెలలు విడవకుండా. గడ్డ లేచినప్పుడు వేడి కాపడం, చిదమడం మాత్రం వద్దు. గడ్డ మానిపోయాక, ముక్కులోనూ చర్మం మీదా బట్టల్లోనూ కాపురం పెట్టిన స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియాను మీరూ మీ ఇంట్లోవాళ్ళూ ఒకే వారంలో వెళ్ళగొట్టడం. ఈలోగా ఒకసారి చక్కెర పరీక్ష. ఇక నాలుగో విడత యాంటీబయాటిక్ బిళ్ళలు మీ అంతట మీరు కొనుక్కోవద్దు.

నేను చర్మవ్యాధుల వైద్యంలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను. ఇదే కథతో వచ్చినవాళ్ళను లెక్కలేనంతమందిని చూశాను. వాళ్ళలో సగంమంది దగ్గర మందు తప్పు కాదు, పేరు తప్పు. అందుకే అక్కణ్ణుంచి మొదలుపెడతాను.

ముందు అది ఏమిటో తేల్చుకోండి

ఒంటి మీద ఎర్రగా లేచి, చీము పట్టేదాన్నల్లా మనం మొటిమ అనో, కురుపు అనో, గడ్డ అనో అనేస్తాం. వాటిలో కనీసం నాలుగు వేరు వేరు జబ్బులున్నాయి, ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. కొన్నిసార్లు ఎదురు తిరుగుతుంది కూడా.

మొటిమల గుర్తు కలగాపులగం. నల్ల తలలు, తెల్ల తలలు, ఎర్ర పొక్కులు, చీము పొక్కులు, లోపల గట్టిగా తగిలే ముడులు, ఇవన్నీ ఒకే వీపు మీద రకరకాల సైజుల్లో కనిపిస్తాయి. వెంట్రుక కుదురు నోరు మూసుకుపోయి, సెబమ్ అనే జిడ్డు లోపలే నిలిచి, అక్కడ ఎప్పుడూ ఉండే క్యూటిబ్యాక్టీరియమ్ ఆక్నీస్ అనే బ్యాక్టీరియా పెరిగి వాపు పుట్టిస్తే వచ్చేవివి.

వీపు పైభాగం, ఛాతీ, భుజాల మీద అన్నీ ఒకే సైజులో, అచ్చు గుద్దినట్టు చిన్న చిన్న పొక్కులుండి, బాగా దురద పెడుతుంటే అది మొటిమ కాకపోవచ్చు. మలసీజియా అనే ఈస్ట్, అంటే ఒక రకం ఫంగస్, వెంట్రుక కుదుళ్ళలో చేరితే అలా ఉంటుంది. నల్ల తలలు కనిపించవు. చెమట పట్టాక ఎక్కువవుతుంది. యాంటీబయాటిక్ వాడితే తగ్గకపోగా పెరుగుతుంది, ఎందుకంటే దానికి పోటీగా ఉన్న బ్యాక్టీరియాను మనమే చంపి జాగా ఖాళీ చేసి ఇస్తున్నాం. ఒక కాలేజీ కుర్రాడు ఆరు నెలలపాటు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడి, వీపు మొత్తం పొక్కులతో నా దగ్గరికొచ్చాడు. బిళ్ళలు ఆపించి, 2 శాతం కీటోకొనజోల్ షాంపూ వీపుకూ ఛాతీకీ పట్టించి, ఐదు నిమిషాలు ఉంచి కడుక్కోమన్నాను. మూడు వారాల తర్వాత వచ్చినప్పుడు వాడి ముఖంలో సంతోషం కంటే కోపమే ఎక్కువ కనిపించింది. ఆరు నెలలు పోయాయి కదా మరి.

సెగగడ్డ సంగతి వేరు. ఒక వెంట్రుక కుదురు అడుగు దాకా స్టెఫిలోకాకస్ ఆరియస్ దిగి, లోతుగా చీము కట్టడమే సెగగడ్డ. ఎర్రగా, వేడిగా, ముట్టుకుంటే ప్రాణం పోయేలా ఉంటుంది. కొద్దిరోజుల్లో పండి, ముఖం చేసి, పగులుతుంది. నాలుగైదు పక్కపక్కనే కలిసిపోయి అనేక కళ్ళతో చీము కారితే అది రాచపుండు (కార్బంకుల్, క్యాన్సర్ కాదు), ఇంటి వైద్యానికి లొంగేది కాదు.

నాలుగోదాని దగ్గర కాస్త ఆగుతాను. దాన్ని గుర్తుపట్టడంలో నేనే ఒకసారి తప్పాను.

వృత్తిలో చేరిన కొత్తలో ఒకామె చంకలో గడ్డతో వచ్చింది. కోసి, చీము తీసి, యాంటీబయాటిక్ రాసి పంపాను. నాలుగు నెలలకు రెండో చంకలో. మళ్ళీ అదే పని. మూడోసారి గజ్జల్లో. మూడుసార్లూ నేను గడ్డనే చూశాను, మనిషిని చూడలేదు. నాలుగోసారి వచ్చినప్పుడు చెయ్యి పూర్తిగా పైకెత్తించి వెలుతురులో చూస్తే చంక నిండా తాళ్ళలాంటి మచ్చలు, జంటలు జంటలుగా నల్ల తలలు, ఒకచోట నొక్కితే ఇంకోచోట నుంచి కారే రసి. అది సెగగడ్డ కానే కాదు, హైడ్రడినైటిస్ సప్పురటివా. వెంట్రుక కుదుళ్ళు మూసుకుని, లోపలే పగిలి, శరీరం తన మీద తానే తిరగబడే దీర్ఘకాలపు వాపు జబ్బు. అంటుకునేది కాదు, శుభ్రత లేక వచ్చేది అంతకన్నా కాదు. ఆమె మాత్రం అప్పటికి ఎన్నో ఏళ్ళుగా తన రేజర్‌నీ, డియోడరెంట్‌నీ, తన స్నానాన్నీ అనుమానించుకుంటూ బతికింది. ఈ జబ్బును గుర్తించడానికి ఏళ్ళకేళ్ళు పట్టడం ప్రపంచమంతటా ఉన్నదే.

చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, పిరుదుల మధ్య, లోపలి తొడల మీద ఆరు నెలల్లో రెండుసార్లకు మించి గడ్డలొస్తే, ఈ జవాబులో మిగతాదంతా పక్కనపెట్టి చర్మవైద్యులకు చూపించుకోండి. పొగ తాగే అలవాటు, అధిక బరువు ఈ జబ్బును ముదరబెడతాయి. ఎంత తొందరగా పట్టుకుంటే చర్మం లోపల సొరంగాలు పడకుండా అంతగా ఆపగలం. 2015 నుంచి అడాలిముమాబ్ అనే ఇంజెక్షన్‌ను కూడా దీనికి వాడుతున్నాం, కాబట్టి చేసేదేమీ లేదనుకోకండి.

వీపు మొటిమలకు

ముందు ఆ మూడుసార్ల రుద్దుడు ఆపండి. మొటిమ మురికి వల్ల రాదు. నల్ల తల నల్లగా ఉండేది కూడా మట్టితో కాదు, రంధ్రంలో ఇరుక్కున్న జిడ్డూ మెలనిన్ రంగూ గాలి తగిలి నల్లబడతాయి, అంతే. పీచుతోనో బ్రష్‌తోనో గట్టిగా తోమితే కుదురు గోడలు లోపల్లోపల పగిలి వాపు ఇంకా పెరుగుతుంది. చెమట పట్టిన వెంటనే ఒకసారి, లేదంటే రోజుకోసారి మామూలు స్నానం చాలు.

మందుగా బెంజాయిల్ పెరాక్సైడ్. క్రీమ్ కంటే వాష్ రూపంలో తీసుకోండి, వీపంతా క్రీమ్ పట్టించుకోవడం ఎవరికైనా విసుగే. 5 శాతంతో మొదలుపెట్టండి. 10 శాతం అయితే రెట్టింపు పనిచేస్తుందనుకుంటారు. పనిచేయదు, మంట మాత్రం పెరుగుతుంది. తడి ఒంటికి పట్టించి మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పట్టించిన మరుక్షణం కడిగేసి, ఇది పనిచేయలేదండీ అంటారు. పళ్ళు తోముకునే పని ఆ ఐదు నిమిషాల్లో పెట్టుకోండి, కాలం తెలియదు.

మొదటి వారం రోజు మార్చి రోజు, తర్వాత రోజూ. చర్మం పొడిబారితే జిడ్డులేని మాయిశ్చరైజర్ రాయండి. కొవ్వు రంధ్రాలు మూయదని డబ్బా మీద రాసి ఉన్నదైతే మేలు. ఇంకో మాట, ఈ మందు బట్టల రంగు పీల్చేస్తుంది. తెల్ల తువాలు, తెల్ల బనీను వాడండి. నీలిరంగు దుప్పటి మీద నా రోగి ఒకరు వేసుకున్న మరకలు చూసి ఆయన భార్య నాకే ఫోన్ చేసి చీవాట్లు పెట్టింది, చెప్పనందుకు. అప్పట్నుంచి ముందు ఈ మాట చెప్పాకే మందు రాస్తున్నాను.

దీని గొప్పతనం ఏమిటంటే బ్యాక్టీరియా దీనికి అలవాటుపడిపోదు. క్లిండమైసిన్ లాంటి పూత యాంటీబయాటిక్‌లు ఒంటరిగా వాడితే కొన్ని నెలల్లో పనిచేయడం మానేస్తాయి. అందుకే వాటిని వాడాల్సి వచ్చినా బెంజాయిల్ పెరాక్సైడ్‌ను తోడు పెడతాం.

నల్ల తలలూ తెల్ల తలలూ ఎక్కువగా ఉంటే రాత్రిపూట అడాపలిన్ 0.1 శాతం జెల్ పలచగా రాయొచ్చు. మూసుకుపోయిన కుదురు నోరు తెరిపించేది అది. మొదటి మూడు నాలుగు వారాలు చర్మం ఎర్రబడి పొట్టు లేస్తుంది, ఒక్కోసారి మొటిమలు ఎక్కువైనట్టూ అనిపిస్తుంది. భయపడి ఆపేయకండి. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళు మాత్రం అడాపలిన్ వాడకూడదు. అడాపలిన్ పడనివాళ్ళకు 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ ఉంది, కాస్త నెమ్మది.

ఫలితం తెలియడానికి ఎన్నాళ్ళు? ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. ఈరోజు మీకు కనిపించిన మొటిమ నిన్న పుట్టింది కాదు, కంటికి కనిపించని దశలో వారాల తరబడి లోపల తయారైంది. ఈరోజు రాసిన మందు పని వచ్చే నెలలో రాబోయే మొటిమ మీద. మూడో వారంలో మానేసేవాళ్ళే నాకెక్కువగా కనబడతారు. అసలు ఫలితం రెండో నెలలో మొదలవుతుంది. తగ్గాక కూడా వారానికి రెండు మూడు రోజులు వాష్ కొనసాగించండి.

మొటిమ పోయాక మిగిలే గోధుమరంగు, నల్ల మచ్చలను మొటిమలుగా లెక్కపెట్టకండి. అవి వాటంతట అవే మాసిపోవడానికి నెలలు పడుతుంది. ఎండ తగిలితే ఇంకా ఆలస్యం. గిల్లితే కొత్తవి.

ఇక రోజువారీ సంగతులు. తల రుద్దుకున్న కండిషనర్, తలనూనె వీపు మీదుగా జారి అక్కడే ఉండిపోతాయి. కాబట్టి ముందు తలస్నానం ముగించి ఆఖర్న వీపు కడుక్కోండి. బ్యాగు పట్టీల కింద, బిగుతు బట్టల కింద, ఆటల్లో వేసుకునే ప్యాడ్‌ల కింద ఒరుసుకున్న మేరకే మొటిమలు వస్తుంటే ఒరిపిడి తీసేయడమే సగం వైద్యం. జిమ్‌కు వెళ్తున్నానని రాశారు. వే ప్రోటీన్ పొడులు కొందరిలో మొటిమలు పెంచుతాయి. వాడుతుంటే రెండు నెలలు ఆపి చూడండి, తేడా లేకపోతే మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు.

కండల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, బిళ్ళలు తీసుకున్న చరిత్ర ఏమైనా ఉంటే డాక్టర్‌తో దాచకండి. దాచినవాళ్ళకు నేను ఆరు నెలలు మొటిమల మందు రాసి రాసి, చివరికి వాళ్ళ స్నేహితుల నోట అసలు విషయం విన్న సందర్భాలున్నాయి. పూత మందుల్లోనూ అంతే. దురదకూ, గజ్జికీ, మచ్చకూ, అన్నిటికీ ఒకటే అని అమ్మే కలగలుపు ట్యూబుల్లో క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి గట్టి స్టెరాయిడ్లు ఉంటాయి. రాసిన రెండు రోజులు ఎర్రదనం మాయమైపోతుంది. తర్వాత వచ్చేవి స్టెరాయిడ్ మొటిమలు. మీ దగ్గరున్న ట్యూబు మీద పేర్లు ఒకసారి చదవండి.

గడ్డ లేచినప్పుడు

సెగగడ్డ అన్న మాటలోనే సెగ ఉంది. ఒళ్ళు వేడి చేసి గడ్డ లేచిందని మనకు నమ్మకం కుదరడానికి ఆ పేరు కూడా ఒక కారణమేమో. గడ్డ వేడిగా ఉండేది నిజమే. అయితే ఆ వేడి దాన్ని పుట్టించలేదు. బ్యాక్టీరియాతో పోరాడటానికి రక్తం అక్కడికి పరుగెత్తితే పుట్టిన వేడి అది. తమాషా ఏమిటంటే, దాని మందు కూడా వేడే.

శుభ్రమైన బట్టను వేణ్ణీళ్ళలో ముంచి, పిండి, గడ్డ మీద పది, పదిహేను నిమిషాలు ఉంచండి. ముందు మణికట్టు లోపలి వైపు పెట్టి చూసుకోండి, ఓర్చుకోగలిగినంత వెచ్చగా ఉంటే చాలు. చర్మం కాలేంత కాదు. చల్లారితే మళ్ళీ ముంచండి. రోజుకు మూడు నాలుగుసార్లు. వాడిన బట్టను వేడినీళ్ళలో ఉతక్కుండా మళ్ళీ వాడొద్దు. రెండు మూడు రోజుల్లో గడ్డ మెత్తబడి ముఖం చేస్తుంది, లేదా తొలిదశలోనే ఉంటే అణిగిపోతుంది. తనంతట తాను పగిలాక కాపడం మానకండి, చీము పూర్తిగా కారిపోయేదాకా ఇంకో రెండు మూడు రోజులు పెట్టండి. పైన పలచని గాజుగుడ్డ కట్టు, తడిసినప్పుడల్లా మార్చడం, మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవడం. నొప్పికి పారాసెటమాల్ సరిపోతుంది.

చిదమొద్దు, సూదితో పొడవొద్దు. గడ్డ చుట్టూ శరీరం ఒక గోడ కట్టుకుంటుంది. నొక్కినప్పుడు చీము పైకి ఎంత వస్తుందో, ఆ గోడ చీల్చుకుని లోపలికీ అంత పోతుంది. ముక్కు చుట్టూ, పై పెదవి మీద లేచిన గడ్డను అసలు తాకకండి. ఆ ప్రాంతపు సిరలకు పుర్రె లోపలి సిరలతో సంబంధం ఉంది. అరుదే, కానీ అక్కడి ఇన్ఫెక్షన్ లోపలికి పాకితే ప్రాణాల మీదికి వస్తుంది.

బిళ్ళలు ఎందుకు పూర్తిగా పనిచేయడం లేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. చీము కట్టిన గదిలోకి రక్తం సరిగా వెళ్ళదు, రక్తంతోపాటు మందూ వెళ్ళదు. పెద్ద గడ్డకు డాక్టర్ చిన్న గాటు పెట్టి చీము తీయడమే ప్రధాన వైద్యం, బిళ్ళలు తోడు మాత్రమే. పగలని గడ్డ మీద పూసే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంటు చర్మం దాటి ఆ లోతుకు దిగదు. టూత్‌పేస్టు, నిమ్మరసం, వెనిగర్, స్పిరిట్, పలచన చేయని టీ ట్రీ నూనె అయితే గడ్డను వదిలేసి పై చర్మాన్ని కాలుస్తాయి.

గడ్డ లేని వారంలో చేయాల్సింది

మీకూ మీ తమ్ముడికీ పనికొచ్చే ముక్క ఇదే, నిదానంగా చదవండి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా పదిమందిలో ఇద్దరు ముగ్గురి ముక్కుల్లో స్టెఫిలోకాకస్ ఆరియస్ ఎప్పుడూ ఉంటుంది. అక్కడ ఉన్నంతకాలం ఏ హానీ చేయదు. ముక్కు తడిమిన వేలు తొడ గోకుతుంది. షేవింగ్ గీతలోనో, బిగుతు ప్యాంటు ఒరిసినచోటో చర్మం కొద్దిగా చిట్లి ఉంటుంది. దానికి దారి దొరికినట్టే. మీరు గడ్డను ఎన్నిసార్లు మాన్పుకున్నా ముక్కులో విత్తనం అలాగే ఉంటుంది. ఒకే తువాలు, ఒకే పరుపు, ఒకే రేజర్ పంచుకునే ఇంట్లో అది ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

దీనికి ఐదు రోజుల పద్ధతి ఉంది. ఉన్న గడ్డ పూర్తిగా మానాకే మొదలుపెట్టండి. ముక్కుకు వాడే 2 శాతం మ్యుపిరోసిన్ ఆయింట్‌మెంటు, అగ్గిపుల్ల తలంత, శుభ్రమైన దూదిపుల్లతో రెండు రంధ్రాల ముందుభాగంలో రాసి, ముక్కు రెండు వైపులా మెల్లగా నొక్కి వదులుతూ లోపల పరుచుకునేలా చేయాలి. ఉదయం, రాత్రి, ఐదు రోజులు. దీనికి డాక్టర్ చీటీ తీసుకోండి, ఆ మాత్రం పని తప్పదు. అదే ఐదు రోజులు రోజుకోసారి 4 శాతం క్లోర్‌హెక్సిడీన్ ద్రవంతో మెడ నుంచి కిందికి స్నానం. చంకలు, బొడ్డు, గజ్జలు, పిరుదుల మడతలు వదలకుండా పట్టించి ఒకటి రెండు నిమిషాలు ఉంచి కడగండి. కళ్ళలోకి, చెవుల్లోకి వెళ్ళనీయకండి, రెండింటికీ హాని. మర్మాంగాల లోపలి పొర మీద వాడకండి. ఆ ఐదు రోజులూ బెంజాయిల్ పెరాక్సైడ్‌కు సెలవు ఇవ్వండి, లేకపోతే చర్మం ఎండిపోయి పగులుతుంది.

అసలు కష్టం మందుల్లో లేదు, ఉతుకుల్లో ఉంది. తువాళ్ళు, లోదుస్తులు, రాత్రి బట్టలు, దిండు గలీబులు రోజూ మార్చాలి. దుప్పట్లు కనీసం మొదటిరోజూ ఆఖరిరోజూ. బట్ట తట్టుకుంటే 60 డిగ్రీల నీళ్ళలో ఉతికి పూర్తిగా ఆరబెట్టండి. పాత రేజర్లు, ఒళ్ళు రుద్దుకునే పీచులు పారేయండి. సబ్బు బిళ్ళ బదులు ద్రవ సబ్బు. గోళ్ళు పొట్టిగా. ఎవరి తువాలు వాళ్ళదే, ఐదు రోజులకే కాదు, ఇకమీదటా. జిమ్ బల్ల మీద నేరుగా ఒంటితో పడుకోకుండా ఒక తువాలు పరుచుకోండి, దాన్ని ఇంటికి రాగానే ఉతకండి.

ఇంట్లో అందరూ ఒకేసారి చేయాలి. ఒక్కరే చేసినదానికంటే ఇంటిల్లిపాదీ చేసినప్పుడు గడ్డలు తిరగబెట్టడం తక్కువని అధ్యయనాల్లో తేలింది, నా దగ్గర కూడా అదే చూశాను. ఒక కుటుంబంలో తండ్రి ఒక్కడే రెండుసార్లు ఈ ఐదు రోజులూ చేశాడు, రెండుసార్లూ మూణ్ణెల్లకు మళ్ళీ గడ్డ. మూడోసారి భార్యనీ ఇద్దరు కొడుకులనీ కూడా కూర్చోబెట్టి చెప్పాను. పెద్దకొడుకు మొండికేశాడు, నాకెప్పుడూ గడ్డ రాలేదుగా అని. వాడి ముక్కు నుంచి తీసిన స్వాబ్‌లోనే స్టెఫిలోకాకస్ బయటపడింది. నలుగురూ చేశాక ఆయనకు ఏడాదిన్నర ఏమీ రాలేదు. ఆ తర్వాత ఒకటి వచ్చింది. నిజం చెప్పాలి కదా, ఈ బ్యాక్టీరియా కొన్ని నెలల తర్వాత మళ్ళీ చేరగలదు. అలాగని నెలనెలా మ్యుపిరోసిన్ రాసుకోకండి, దానికీ లొంగని రకాలు తయారవుతాయి. తిరగబెడితే డాక్టర్‌తో మాట్లాడాకే రెండో విడత.

ఇంకొకటి. ఈసారి గడ్డ పగిలితే ఆ చీమును కల్చర్ పరీక్షకు పంపించండి. మూడు విడతలు ఏదో ఒక యాంటీబయాటిక్ వాడారు. ఏది పనిచేస్తుందో, ఏది చేయదో, మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని రకమా అన్నది ఆ పరీక్ష చెబుతుంది. అది లేకుండా నాలుగో విడత వేయడం చీకట్లో రాయి విసరడమే.

చక్కెర పరీక్ష సంగతి

చక్కెర ఎక్కువగా ఉన్న ఒంట్లో తెల్లకణాలు సరిగా పోరాడలేవు. నలభై దాటిన ఒకాయన మెడ వెనక గడ్డలతో వచ్చాడు, దాహం, నీరసం లాంటివేమీ లేవు. రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయిస్తే 11 శాతం దాటింది. ఆ గడ్డలే ఆయన మధుమేహానికి మొదటి కబురు. ఆ పరీక్షలో 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహం అన్నట్టు, 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే గట్టు మీద ఉన్నట్టు. మీ వయసుకు అవకాశం తక్కువే, అయినా రెండేళ్ళుగా గడ్డలొస్తుంటే ఒక్కసారి చేయించుకోవడంలో నష్టం లేదు.

ఇంట్లో కూర్చోకూడని సందర్భాలు

జ్వరం, చలి వచ్చినా, గడ్డ చుట్టూ ఎరుపు గంటగంటకూ పాకుతున్నా, గడ్డ నుంచి ఎర్రటి చార బయల్దేరినా, గజ్జల్లోనో చంకలోనో బిళ్ళ కట్టి నొప్పి పెడుతున్నా అదేరోజు వెళ్ళండి. ముఖం మీదా, వెన్నెముక మీదా లేచినవీ, 5 సెంటీమీటర్లు దాటినవీ, రెండు వారాలైనా తగ్గనివీ కూడా అంతే. మధుమేహం ఉన్నవాళ్ళు, క్యాన్సర్ మందులో స్టెరాయిడ్ బిళ్ళలో వాడుతున్నవాళ్ళు, పసిపిల్లలు మొదటిరోజే చూపించుకోవాలి.

మొటిమల్లో అయితే లోతైన ముడులు, మానాక గుంటలు పడటం, లేదా ఛాతీ, భుజాల మీద మచ్చలు ఉబ్బి కీలాయిడ్‌లుగా మారడం కనిపిస్తే నేను పైన రాసిన వాష్‌తో మూడు నెలలు వేచి చూడకండి. పడిన మచ్చను తీయడం కంటే పడకుండా ఆపడం ఎంతో తేలిక. అలాంటివాటికి ఐసోట్రెటినాయిన్ బిళ్ళలు ఉన్నాయి. చాలా బాగా పనిచేస్తాయి, కానీ కడుపులోని బిడ్డకు తీవ్రమైన హాని చేస్తాయి, రక్తపరీక్షలు కావాలి. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా వేసుకునే మందు కాదది.

ఒక్క సంగతి మీరు రాయలేదు, అది తెలిస్తే ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను. గడ్డ ప్రతిసారీ కొత్తచోట లేస్తోందా, ఒకేచోట లేచి లేచి తగ్గుతోందా? ఒకేచోట అయితే, మధ్యలో గడ్డ లేని రోజుల్లో అక్కడ వేలితో నొక్కి చూడండి. చర్మం కింద గుండ్రంగా కదిలే ముడి, దాని మీద సన్నని నల్ల చుక్క ఉంటే అది సిస్ట్ కావచ్చు, సంచితో సహా తీయించుకోవాల్సిందే. పిరుదుల చీలిక పైన, తోకఎముక దగ్గర చిన్న రంధ్రం కనిపిస్తే అది పైలోనైడల్ సైనస్, దానికి సర్జన్ కావాలి. లోపలి తొడల్లోనో గజ్జల్లోనో జంట నల్ల తలలు కనిపిస్తే పైన నేను చెప్పిన ఆమె కథ గుర్తుచేసుకోండి. చూసి రాయండి, ఇక్కడే జవాబిస్తాను.